ఫల్గుణ వెయ్యని సీడీ

2002 మే 6

విత్తనాల సంఘానికి మా కంపెనీ రాసిన లిస్టు ప్రోగ్రాం కొత్త వెర్షన్ సీడీలు పదకొండూ బస్సు పార్సిల్లో పంపేశాను. ఏజెన్సీ కొండల్లో సంఘం డిపోలు పదకొండు. అన్నిటికీ ఒకటే లిస్టు, ఏ ఇంటికి ఎన్ని చోళ్ళు, ఎన్ని సామలు ఇవ్వాలో. ఇన్నాళ్ళూ ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వేసుకునేవారు. ఈసారి ప్లాన్ నాది. పదో తారీకున అందరూ ఒకేసారి. ఇంత చిన్న ఆలోచన ఇదివరకు ఎవరికీ ఎందుకు రాలేదో!

మే 10, సాయంత్రం 5

పది డిపోలు వేసేశాయి. ముంచింగిపుట్టు వెయ్యలేదు. అక్కడి ఆపరేటర్ ఫల్గుణ ఇంకా 'కొత్త' అవ్వలేదంటాడు. కొత్తంటే అక్కడి గిరిజనుల పండగ. ముందు దేవతకి పెట్టందే కొత్త పంట నోట పెట్టరు. మామిడిపళ్ళకైతే సరే, సీడీకి కొత్తేటి? ఒళ్ళు మండిపోయింది. మాట వినడం లేదని సంఘం మేనేజర్ వరహాలరావుగారికి ఫ్యాక్స్ కొట్టేశాను. ఫల్గుణది కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్క కంప్లైంటు చాలు ఊడిపోడానికి. పోనీ. రేపు నేనే వెళ్ళి వేసొస్తాను.

మే 11, మధ్యాహ్నం 3, ముంచింగిపుట్టు

డిపో మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

డిపోలో అడుగుపెడుతూనే అరిచాను. బేగి వెయ్యమన్నాను. ఫల్గుణ మూలన గుడ్డ కప్పి ఉన్న పాత కంప్యూటర్ ఆన్ చేశాడు. దాన్లో లిస్టు కాపీ ఉందట. ఏ వెర్షనొచ్చినా ముందు దాన్లో వేసి, ఒక సంత రోజు నడిపి చూసి, అప్పుడే అసలు దాన్లో వేస్తాడట. సంత ఇవాళే. మామిడిపండైనా ముందు పూజారి ఒక్కడే కదా తినేది అన్నాడు.

సీడీ పెట్టాడు. లిస్టు తెరిచాడు. ఖాళీ. మళ్ళీ తెరవమన్నాను. నాలుగువేల ఇళ్ళు, ఒక్క పేరు లేదు. ఆఫీసులో ఆ సీడీ చెక్ చేసింది నేనే. ఖాళీ లిస్టు మీద చెక్ చేశాను, ఉన్న పేర్లు చెరిపేస్తోందని ఎలా తెలుస్తుంది!

ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. రాజవొమ్మంగి డిపో, రంపచోడవరం డిపో, ఎవర్నడిగినా అదే మాట, లిస్టు ఖాళీ. బ్యాకప్ కూడా దాంతోపాటే పోయింది. వానలకి ఇంక మూడు వారాలు. లిస్టు లేకుండా విత్తనం ఎవరికివ్వాలి?

తిరిగొచ్చేసరికి ఫల్గుణ అసలు కంప్యూటర్లో లిస్టుని ఫ్లాపీల్లోకి ఎక్కిస్తున్నాడు. పది డిపోలకీ.

"కంగారుపడకండి మేడమ్. ఇక్కడుంది."

ఫ్యాక్స్ సంగతి చెప్పలేకపోయాను.

మే 13

వరహాలరావుగారికి అంతా చెప్పాను. తప్పు నాదన్నాను, ఫల్గుణ లేకపోతే లిస్టే లేదన్నాను. శనివారం పొద్దున్నే అతన్ని తీసేస్తూ ఆర్డరు వెళ్ళిపోయిందట, నా ఫ్యాక్స్ చూసే. వెనక్కి తీసుకోమన్నాను. తీసుకుంటే తప్పు సీడీదని పైకి రాయాలి, మీ కంపెనీని పక్కన పెట్టేస్తారమ్మా, చూసుకో అన్నారు.

కాఫీ తెప్పిస్తే తాగి లేచొచ్చేశాను. ఛీ.

మే 14

అంటే, నాకు ఫ్లాపీలు రాసిచ్చేటప్పటికే అతనికి ఉద్యోగం లేదు.

జూన్ 3

విత్తనాలు పంచేశారు. కొత్త ప్లాన్ రాసిచ్చాను. ఏ వెర్షనైనా ముందు ఒకే డిపోలో, పాత కంప్యూటర్లో. ఒక సంత దాటాక మిగతా పదికి. అందరూ తెగ మెచ్చుకున్నారు. రత్నాలు మెథడ్ అని నా పేరే పెట్టారు కూడా. ఎవరి పద్ధతో నేను చెప్పలేదు.

జూన్ 21

సరిచేసిన సీడీ రెడీ. ముందు ఏ డిపోలో వెయ్యాలని సంఘం వాళ్ళు అడిగారు. ముంచింగిపుట్టు అన్నాను.

అక్కడ వెయ్యడానికి మనిషి లేడన్నారు.