కేస్ షీటులో ఒక వాక్యం

శృంగవరపుకోట,
గురువారం మధ్యాహ్నం.

చిరంజీవి సింధుకు నాన్న దీవించి రాసేది.

మీ అమ్మ క్షేమం. నిన్నటినుంచి వీధరుగు దాకా తనంతట తనే నడిచి వస్తోంది. నేనూ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, నీ హాస్టల్లో పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మామూలుగా ఇంతటితో క్షేమసమాచారం అయిపోవాలి. ఈసారి మాత్రం క్షేమం అన్న మాట రాస్తుంటే చెయ్యి ఆడలేదు. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో ఆపి ఫోన్ చెయ్యకు. చేసినా నేను ఎత్తను.

నువ్వు సంతకం పెట్టి పంపమన్న వాంగ్మూలం కాగితమూ, దాంతో పెట్టిన ఉత్తరమూ మంగళవారం అందాయి. ఫోన్లో అడిగితే నాన్న నీళ్ళు నములుతున్నాడని, ప్రశ్నలకి నంబర్లు వేసి మరీ పంపావు. లా చదివిస్తే ఇదీ ఫలితం! కన్నతండ్రిని బోనెక్కించావు. సరే, ఎక్కాను. జవాబులు రాస్తున్నాను. మన పక్క కొట్టు భాస్కర్ రేపు పనిమీద గుంటూరు వస్తున్నాడు. ఈ కవరు నీ చేతికే ఇమ్మని చెబుతున్నాను.

మొదటిది, అమ్మ తిండి గురించి అడిగావు. నూనె లేకుండా చారన్నం, పెసరకట్టు, బొప్పాయి. రెండుపూటలా తింటోంది, రెండుపూటలా నన్ను తిడుతోంది. కంట్లో పసుపు పోయింది. వైజాగ్ డాక్టరు గారు రాసిన రక్తపరీక్ష మొన్న చేయించాను. లివరు తొంభైపాళ్ళు దారికొచ్చిందట. మందులు వేళకి వేస్తున్నాను. ఒక్కటీ తప్పలేదు.

నాలుగో ప్రశ్న, ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళు సాక్ష్యం చెబుతారా అని. ఆ ముసలమ్మ మన సింహాచలం మావకి వరసకి అక్కే. చెప్పమంటే ఏదైనా చెబుతుంది. "మనోళ్ళ తరఫున సెప్పకపోతే ఇంకెవుల తరఫున సెప్తాను" అంది. అలాంటి సాక్ష్యం మనకొద్దమ్మా.

రెండోది, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఆసుపత్రి వాళ్ళెవరైనా వచ్చి బెదిరించారా అని. ఎవరూ బెదిరించలేదు. ఒకరు వచ్చారు. ఆ సంగతి రాయాలంటే ముందు మూడో ప్రశ్న దాటాలి. దాన్ని నేను కావాలనే వెనక్కి నెట్టాను. ఇంకొక్క పేరా ఓపిక పట్టు.

నువ్వు చేసిన పని మంచిపనేనని ముందు చెప్పనీ. వరండాలో బీరువా వెనకాల పడి ఉన్న రోగుల హక్కుల బోర్డుని బయటికి లాగించి గోడకి కొట్టించావు. ఇప్పుడు జనం నిలబడి చదువుతున్నారు. కేస్ షీటు నకలు అడిగితే ఇవ్వాలని, ఫిర్యాదు ఇస్తే ముద్ర వేసి రసీదు ఇవ్వాలని మనవాళ్ళకి ఎవరు చెప్పారు ఇన్నాళ్ళూ? కొట్టుకి పంచదారకొచ్చినవాళ్ళు కూడా "సావుకారు బాబూ, మీ పాపసేత మాకూ ఓ అర్జీ రాయించండి" అంటున్నారు. నేను తలూపుతున్నాను. తేలు కుట్టిన దొంగ అంతకన్నా ఏం చేస్తాడు?

ఇక మూడో ప్రశ్న. కేస్ షీటులో ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క వాక్యం నువ్వు తెలుగులో రాసి, కింద రెండు గీతలు గీశావు. 'బయటి మందులు, ఆకుపసర్లు ఏమైనా ఇచ్చారా అని అడిగితే, రోగి భర్త లేదన్నారు.' ఆ వాక్యం నర్సు ఝాన్సీ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి తర్వాత ఇరికించిందని నీ అనుమానం. 'నాన్నా, ఆమె నిన్ను నిజంగా అడిగిందా? అవునా, కాదా?' అని రాశావు.

అడిగింది సింధూ. నేను లేదన్నాను. అది అబద్ధం.

రాసేశాను. ఇప్పుడు మొదటినుంచీ చెబుతాను, విను.

అమ్మని ఆ బుధవారం కామెర్లతో మన ఊరి ఆసుపత్రిలో చేర్పించాం కదా. డాక్టరు వారం రోజులు విశ్రాంతి, సెలైను, పథ్యం అన్నాడు. శుక్రవారానికి కూడా కళ్ళు పచ్చగానే ఉన్నాయి. కొట్లో అడుగుపెట్టిన ప్రతివాడూ కామెర్లకి ఇంగ్లీషు మందు లేదనేవాడే. కొండదిగువ ఊళ్ళనుంచి మనకి చింతపండు, చీపుర్లు తెచ్చే పోతురాజు లేడూ, వాడు నా పక్కన చతికిలబడి, "బాబూ, ఆసుపత్రోళ్ళు నీల్లెక్కిస్తారంతే. పసరు పోయించండి. మా ఊరి పెద్దాయన సేతి మందు మూడు పూటల్లో లాగేస్తాది" అన్నాడు. మీ నాయనమ్మకీ అలాంటి పసరుతోనే తగ్గిందని నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం. శనివారం పొద్దున్నే పోతురాజు బండెక్కి వెళ్ళాను.

ఆ పెద్దాయన ఆకు దంచి, పసరు పిండి, సీసాలో పోసి ఇచ్చాడు. ఇస్తూ ఒక్క షరతు పెట్టాడు. "దారిలో ఎవులితోనూ మాటాడకు. ఇచ్చినట్టు ఎవులికీ సెప్పకు. సెప్పినావా, మందు ఇరిగిపోతాది. పేషంటుకి ఎదురు తిరుగుతాది." ఈ షరతు నీకు నవ్వులాటగా ఉంటుంది. నాకు కాదు. మన ఇళ్ళలో పసరు తాగించినవాళ్ళెవరూ ఆ మాట బయటపెట్టరు. నేనూ పెట్టలేదు. మజ్జిగలో కలిపి మీ అమ్మచేత తాగించాను.

గ్లాసు కింద పెట్టేలోపల ఝాన్సీ వచ్చింది. గ్లాసు అంచుకి ఆకుపచ్చ మరక ఉంది. ఆ పిల్ల కళ్ళు అక్కడే ఆగాయి.

"అందులో ఏటి బాబూ?"

"మజ్జిగమ్మా."

"పసరు గానీ ఇచ్చినారేటి? కామెర్లకొచ్చినోళ్ళు సానామంది ఇస్తారు. నానేటీ తిట్టను. సెప్పీయండి, డాక్టరు గారికి సెప్పుకోవాలి, రాసుకోవాలి."

"లేదమ్మా, మాకలాంటివి అలవాటు లేవు."

అంత మర్యాదగా అడిగింది సింధూ! కసురుకున్నా నాకు కొంత సాకు ఉండేది. ఆ పిల్ల నేను చెప్పిందే రాసుకుంది, సెలైనులో రోజూ ఇచ్చే ఇంజక్షనే ఇచ్చింది, అవతలి వార్డుకి పరిగెత్తింది. మధ్యాహ్నానికి అమ్మకి వాంతులు, తర్వాత మనిషి తెలివిలో లేదు. అంబులెన్సులో వైజాగ్ తీసుకెళ్ళాం. నువ్వు గుంటూరునుంచి ఏడుస్తూ దిగావు. అక్కడి డాక్టరు గారు నీ ముందే అన్నారు కదా, లివరు మీద ఏదో మందు దెబ్బ పడిందని. నువ్వు వెంటనే ఆ ఇంజక్షను గురించి ఆలోచించావు. ఎందుకు ఆలోచించవు? నీకు తెలిసిన మందు అదొక్కటే.

ఆ డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి మరీ అడిగారు, ఆకుమందులేమైనా వాడారా అని. అప్పుడు కూడా లేదన్నాను. నాకు బుద్ధి లేక కాదమ్మా, భయం. పసరు మాట బయటపెడితే మందు ఎదురు తిరిగి ఆ ఉన్న కాస్త ప్రాణమూ పోతుందేమోనని వణికిపోయాను. నిజం చెబితే భార్య చచ్చిపోతుందని నమ్మినవాడు ఏం చెబుతాడు చెప్పు? వాళ్ళు మందేమిటో తెలియకుండానే పదకొండు రోజులు తంటాలు పడ్డారు. మన అదృష్టం బాగుండి ఆవిడ లేచి కూచుంది. సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెబుతున్నాను. లేచి కూచున్న రోజున పసరే బతికించిందేమోనని ఒక పూట లోలోపల సంబరపడ్డాను. అంత మూర్ఖుణ్ణి.

ఈలోగా నువ్వు ఫిర్యాదు రాశావు. నాకు చదివి వినిపించావు కూడా. 'నర్సు నిర్లక్ష్యంగా తప్పుడు ఇంజక్షను ఇచ్చినందువల్ల' అన్న దగ్గర మంచినీళ్ళు కావాలన్నాను. నువ్వు నీళ్ళిచ్చావు. తాగి ఊరుకున్నాను.

ఇప్పుడు రెండో ప్రశ్నకి జవాబు. మొన్న ఆదివారం ఝాన్సీ తన తల్లి జగ్గమ్మని తీసుకుని కొట్టుకి వచ్చింది. వాళ్ళది రామతీర్థం వైపు ఊరు, వ్యవసాయం వాళ్ళు. పిల్లది కాంట్రాక్టు ఉద్యోగం. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారట. తప్పని తేలితే మళ్ళీ మెమోలూ అవీ ఏం ఉండవు, ఒక్క కాగితంతో పంపించేస్తారట. బెదిరించడానికి రాలేదు. ఎదురుగా నిలబడి ఆ పిల్ల ఏమందో తెలుసా?

"బాబూ, ఆ కంగారులో మీరు మర్సిపోయుంటారు. ఓపాలి గుర్తు సేసుకోండి. నానడిగినాను గదా?"

నేను అబద్ధం ఆడానని అనలేదు. మర్చిపోయానంది. నా మర్యాద పోకుండా తనే ఒక దారి చూపించింది. నేను ఆ దారిలోనే దూరిపోయాను. "నాకేమీ గుర్తులేదమ్మా" అన్నాను. అప్పుడు జగ్గమ్మ ముందుకొచ్చింది.

"సావుకారూ, నా కూతురు తప్పు సేస్తే నానే సెప్పుతో కొడతాను. సెయ్యకపోతే మాత్రం దాని నోటికాడ కూడు లాగీకండి" అంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజు నేను బేరం చెయ్యలేకపోయాను. మినప్పప్పు అడిగినవాడికి శనగపప్పు కట్టి ఇచ్చానట, వాడు తిరిగొచ్చి తిట్టాడు.

మీ అమ్మ కొట్టు వెనక ఇంట్లోంచి అంతా వింది. నిన్న అన్నం పెడుతూ, "ఆ పిల్ల మీద రాసిన కాయితానికి సంతకం పెడతన్నారేటి?" అని అడిగింది. నీకేం తెలుసే అన్నాను. అన్నం ముందే నన్ను దులిపేసింది.

"సేదుకి నాలిక పీక్కుపోయింది, నాకు తెల్దేటి అది మజ్జిగో పసరో? మీరు ఆశపడి తెచ్చేరు, తాగేను. సెప్తే ఇరిగిపోద్దని నానూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు లేచి తిరుగుతన్నాను గదా, ఇంకా ఎవుల్ని సంపడానికి మూసుకోవాలి? మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

నేనే చెబుతానన్నాను. కంచం ముందు ఏడ్చాను కూడా. అది రాయకపోయినా ఫరవాలేదు గాని, రాశాను.

ఈ పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాను. సూపరింటెండెంటు గారికోసం వరండాలో కూచున్నప్పుడు నువ్వు కొట్టించిన బోర్డు మొత్తం చదివాను. నువ్వు ఫోటో తీసినప్పుడు కింద వీల్‌చైరు అడ్డం ఉన్నట్టుంది, అడుగు వరుసలు నీ ఫోటోలో రాలేదు. అక్కడ రోగుల బాధ్యతలని ఉంది. వాడిన మందులు, చేయించుకున్న వైద్యాలు ఏవీ దాచకుండా డాక్టరుకి చెప్పాలి అని ఉంది. నా గురించే రాసినట్టుంది.

జరిగిందంతా నా చేతిరాతతో రాసి, మీ అమ్మచేత సాక్షి సంతకం పెట్టించి పట్టుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివి, "ఫిర్యాది మీ అమ్మాయి. ఆమె కూడా సోమవారం విచారణకి వచ్చి ఇదే చెప్పాలి. లేకపోతే నర్సు తరఫువాళ్ళు మీచేత బలవంతంగా రాయించారంటారు" అన్నారు. నువ్వు నేర్పినట్టే ముద్ర వేయించి రసీదు తీసుకున్నాను. వైజాగ్ డాక్టరు గారికి కూడా ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఇంకో రెండు పరీక్షలు చేయించమన్నారు.

బయటికొచ్చేసరికి ఝాన్సీ ఆఫీసు గుమ్మం దగ్గర ఉంది, ఏదో కాగితం కోసం వచ్చిందట. నకలు చేతికిచ్చాను. చదివింది. దండం పెడుతుందనో, ఫరవాలేదు బాబూ అంటుందనో నాలో ఏ మూలో ఆశ ఉంది కాబోలు. అలాంటిదేమీ జరగలేదు. "ఇరవై రోజులయింది బాబూ, మా ఇంట్లో పొయ్యి సరిగ్గా ఎలగలేదు" అంది. కాగితం తిరిగి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అనాల్సిన మాటే అంది.

నువ్వు పంపిన వాంగ్మూలం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. కోపంతోనో సిగ్గుతోనో ఫిర్యాదు మొత్తం చింపెయ్యకు. వాంతులు మొదలయ్యాక డాక్టరు రావడానికి గంటన్నర పట్టింది, అది నిజం. రెండు వార్డులకి ఆ పిల్ల ఒక్కతే పరిగెత్తింది, అదీ నిజం. బోర్డు బీరువా వెనక ఉండటం నిజం. అవి ఉంచు, గట్టిగా రాయి. ఝాన్సీ మీద రాసిన వాక్యాలు కొట్టెయ్యి. ఆ చోట పసరు సంగతి, నా పేరు, ఊరు, అన్నీ రాయి.

నాకు భయంగానే ఉందమ్మా. విచారణ అంటే భయం, బజార్లో పదిమందీ అనుకునేదానికి భయం, అన్నిటికన్నా నువ్వు ఇకమీద నా మాట దేనికీ నమ్మవేమోనని భయం. కోర్టు మెట్లెక్కకుండానే నీకు దొరికిన మొదటి కక్షిదారు నీ ముందు అబద్ధం ఆడాడు. వాడు నీ నాన్న కావడం నీ ఖర్మ. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను.

సోమవారం పది గంటలకి రా. వచ్చాక నా పక్కన కూచోవద్దు. వెళ్ళి ఆ పిల్ల పక్కన కూచో.

ఇట్లు,
మీ అమ్మచేత పసరు తాగించి, నీచేత అబద్ధం రాయించిన
నీ నాన్న,
చంద్రమౌళి