గుమ్మం దాటని వ్యాసం

జులై 9, మంగళవారం
ఇంగ్లిష్ శాఖ, పై అంతస్తు

ప్రియమైన ఫుట్‌నోటుకి,

నమస్కారాలు. నా మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. మీ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. ఒకే వరండాలో ఉంటూ ఉత్తరం రాస్తున్నానని నవ్వుకుంటావు. ఏం చేయను, మాట్లాడుకోవడం మానేశాం కదా.

మనిద్దరి పుస్తకం మీద ఎవరి పేరు ముందుండాలని గొడవపడి, చివరికి పుస్తకమే మానేశాం. నీ మొహం చూడనని నేనే అన్నాను. అప్పటినుంచి నీ గది ముందు నుంచి రాకుండా వెనక మెట్లెక్కి వస్తున్నాను. ఈ మోకాలి నొప్పి దాని పుణ్యమే.

అసలు సంగతికి వస్తాను. ఆ మధ్య ఒక పరిశోధన పత్రిక వాళ్లు వ్యాసం పంపి, అచ్చుకు పనికొస్తుందో లేదో చెప్పమన్నారు. తెలుసుగా, రాసినవాళ్ల పేరు తీసేసి పంపుతారు. ఇంగ్లిష్ నవలల్లో వీడ్కోళ్ల మీద వ్యాసం. వెళ్లొస్తానని లేచి, గుమ్మం దగ్గర నిలబడి మళ్లీ కబుర్లు మొదలెట్టే పాత్రల గురించి. రెండో పేజీకే పట్టేశాను, ఇది నీదేనని. క్యాంటీన్‌లో టీ చల్లారిపోయేదాకా మనం చెప్పుకున్న ముచ్చటే ఇది. నాకు మాటైనా చెప్పకుండా రాసేసుకున్నావని ఒళ్లు మండిపోయింది.

ఇక పూనకం వచ్చినట్టు ఉతికి ఆరేశాను. వాదనలో పస లేదన్నాను. ఉదాహరణలన్నీ అరువు సరుకన్నాను. రాసినవారికి తన తెలివి మీద తనకే మోజన్నాను. అచ్చు వేయొద్దని తేల్చేసి, హాయిగా భోంచేశాను.

కానీ ఆ పూట నుంచీ మనసు మనసులో లేదే. నీ నోటి దగ్గర కూడు లాగేసినట్టుంది. దిగులు పడకు, నిన్ను క్షమించేశాను. సాయంత్రం క్యాంటీన్‌కి రా, ఆ వ్యాసం ఎలా బాగుచేయాలో దగ్గర కూచోబెట్టుకుని నేర్పుతాను. నిజం చెప్పనా, నువ్వు లేక ఆ బల్ల దగ్గర నాతో వాదించే దిక్కు లేదు. ఏం చెప్పినా అందరూ ఔనౌనంటారు. ప్రాణం విసిగిపోతోంది.

ఉంటాను మరి,
నీ కామా
(ఎక్కడా ఆగనని నువ్వు పెట్టిన పేరే, ప్రతి మాటకీ అడుగున వివరణ తగిలిస్తావని నీకు నేను ఫుట్‌నోటని పెట్టినట్టు)

తా.క.: కవరు అంటిస్తుంటే పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. ఒకటే క్షమాపణలు. ఆ వ్యాసం నాదేనట! మన గొడవకి ముందెప్పుడో నేనే పంపి మరిచిపోయాను. వాళ్లు పాత కట్టలోంచి తీసి, చూసుకోకుండా నాకే పంపారు. అంటే చెప్పకుండా రాసింది నువ్వు కాదు, నేను. నా సలహా విని తిప్పి పంపబోతే, రెండో పరిశీలకురాలు అడ్డం పడిందట. ఆవిడకీ రాసిందెవరో చెప్పలేదు. ఈ మనిషికి గుమ్మం దాకా వెళ్లడమే వచ్చు, వెళ్లిపోవడం చేతకాదు, అచ్చు వేయండి అని రాసిందట. ఆ ఒక్క వాక్యానికీ కింద బారెడు ఫుట్‌నోట్లు ఉన్నాయట.

నేర్పుతానన్న మాట కొట్టేసి చదువుకో. ఈ ఉత్తరం నేనే తెచ్చిస్తాను, ముందు మెట్ల మీదుగా. తలుపు తీసి ఉంచవే.