రేకు తొట్టిలోకి విసురు

గంటర్స్‌విల్, అలబామా
ఫిబ్రవరి 8, 1976

ప్రియమైన డెల్మర్‌కి,

నీ ఉత్తరం గురువారం అందింది. నది పోటు మీద ఉందనీ, మీ పడవ సరుకు బార్జీలతో సహా లాకుల దగ్గర రెండు రోజులు ఆగిపోయిందనీ రాశావు. మేజోళ్ళు రెండేసి తొడుక్కుంటున్నావా లేదా? ఆ సంగతి మాత్రం రాయవు.

నువ్వు చెప్పినట్టే షెడ్డులోంచి నీ గాలం రీళ్ళు రెండూ దించాను. పాత దారం లాగేస్తే చుట్టలు చుట్టలుగా గొర్రె బొచ్చులా వచ్చింది. కొత్తది కొనడానికి మిస్ ఓపల్ గాలాల కొట్టుకి వెళ్ళాను. వెళ్ళాననడం తేలికే గానీ, కొట్టు ముందు ట్రక్కులో పావుగంట కూర్చున్నాను. లోపలున్నది అందరూ మగవాళ్ళే.

"ఏం కావాలి, బంగారం?" అంది మిస్ ఓపల్.

"దారం" అన్నాను.

"కుట్టడానికా, పట్టడానికా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇక నవ్వులే నవ్వులు.

హాయ్ట్ గారు అక్కడే పొయ్యి పక్కన మోకాలు కాచుకుంటూ కూర్చున్నారు. "నువ్వు డెల్మర్ పెళ్ళానివి కదూ? ఏప్రిల్ మూడో వారంలో వాణ్ణి నీళ్ళ మీదికి తీసుకెళ్తాను. రోజంతా పక్కన కూర్చుని చూస్తాను. చెయ్యి మంచిదనిపిస్తే నా రెండో పడవ వాడిది, బర్మింగ్‌హామ్ నుంచి వచ్చే జనాన్ని వాడే చేపలు పట్టడానికి తిప్పుతాడు. లేదంటే మళ్ళీ బార్జీలే" అన్నారు. నువ్వు ఇంటిపట్టునే ఉండే రోజు దగ్గరికొచ్చిందని పొంగిపోయాను.

అంతటితో వచ్చేసినా బాగుండేది. ఆయన ఎవరికో గాలం కర్ర చూపిస్తూ కుడి చేత్తో విసిరినట్టు ఊపి, కర్రని ఎడమ చేతిలోకి మార్చి, మళ్ళీ కుడి చేత్తో రీల్ తిప్పారు. నోరు ఊరుకోలేదు. "మొదటే ఎడమ చేత్తో విసిరితే చేతులు మార్చక్కర్లేదు కదండీ?" అన్నాను. "ఎడమ చేత్తో విసరడమా? నన్ను ఎడమ కాలితో సంతకం కూడా పెట్టమంటావా, పిల్లా?" అన్నారాయన. ఆ నవ్వులకి మిగతా చిల్లర తీసుకోకుండానే బయటికొచ్చేశాను.

దారం చుట్ట నేల మీద పెట్టి రీల్‌కి ఎక్కించాను. సగం కాకుండానే మెలికలు పడిపోయింది. ఎలా చెయ్యాలో రాయి.

నీ జోనెల్


పడవ మీద, కైరో ఊరి లాకుల దగ్గర
ఫిబ్రవరి 17

నా జోనీ,

నీ ఉత్తరం వంటగదిలో అందరికీ చదివి వినిపించాను. కోప్పడకు. వంటవాడు పర్విస్ నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు.

దారం చుట్టకి నడిమి కన్నంలోంచి పెన్సిల్ దూర్చు. రెండు కుర్చీల మధ్య ఆనించి, అది దొర్లుతుండగా రీల్ తిప్పు. దారాన్ని తడిగుడ్డతో పట్టుకో, వదులుగా ఎక్కితే కింది వరస పై వరసని మింగేస్తుంది. అంచు దాకా నింపకు. ఒక అయిదు సెంట్ల నికెల్ బిళ్ళ మందం ఖాళీ ఉంచు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడుపు, పొడి ముడి లాగితే దారం కాలిపోయి పెద్ద చేప దగ్గరే తెగుతుంది. ఒక రీల్‌కి పదిహేడు పౌన్ల బరువు ఆపే దారం, నాచులోకి వేసేదానికి ఇరవై.

రీల్ పక్కన చిన్న మర ఉంటుంది. చివర సీసపు గుండు కట్టి వదిలితే అది మెల్లగా దిగాలి. నేలకి తగలగానే చక్రం ఆగాలి. అంతవరకూ మర బిగించు.

మిగతాదంతా బొటనవేలే, జోనీ. గుండు గాలిలో ఉన్నంతసేపూ తిరిగే చక్రం మీద బొటనవేలు ఆనీ ఆననట్టు ఉండాలి. గట్టిగా నొక్కితే గుండు కాళ్ళ దగ్గరే పడుతుంది. వదిలేశావా, దారమంతా పిట్టగూడైపోతుంది, ఇక పూటంతా చిక్కు తీసుకోవడమే. నా బొటనవేలికి అది మా నాన్న పడవలోనే అబ్బింది. హాయ్ట్ గారు చూడబోయేది దాన్నే.

ఇక చేతులు మార్చడమంటావా? మా నాన్న మార్చాడు, వాళ్ళ నాన్న మార్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అంతే.

రీళ్ళు సరిపోయాయో లేదో నువ్వే విసిరి చూడు. పెరట్లో బట్టలుతికే రేకు తొట్టి ఉందిగా, దాంట్లో పడేలా విసురు. మేజోళ్ళు రెండేసే.

నీ డెల్మర్


గంటర్స్‌విల్
ఫిబ్రవరి 27

ప్రియమైన డెల్మర్‌కి,

పెన్సిల్ పనిచేసింది! రెండు రీళ్ళూ నిండాయి. నికెల్ బిళ్ళ ఆనించి కొలిచాను కూడా.

తొట్టిని ఇరవై అడుగుల దూరంలో పెట్టాను. మొదటిరోజు పిట్టగూళ్ళు తప్ప ఇంకేం లేవు. ఒక గుండు పక్కింటి టిడ్‌మోర్ వాళ్ళ కోళ్ళ గూటి మీద పడింది. టిడ్‌మోర్ మామ్మ కంచె దగ్గరికొచ్చి, "ఏమే జోనెల్, తొట్టిలో ఏమైనా పడుతున్నాయా?" అంది. "ఇంకా లేదండీ" అన్నాను. "నా కోడి మాత్రం పడేలా ఉంది" అంటూ లోపలికెళ్ళిపోయింది.

ఇప్పుడు తొట్టిని ఇంకా దూరంగా, చింకేపిన్ చెట్టు దాకా జరిపాను. పదిసార్లు విసిరితే ఆరుసార్లు టంగుమంటోంది. ఆ చప్పుడు వినాలని పని మధ్యలో కూడా వెళ్ళి విసిరి వస్తున్నాను. నిన్న మొక్కజొన్న రొట్టె మాడిపోయింది.

నీకొకటి చెప్పాలి, పడవలో వాళ్ళకి చదవకు. నేను విసిరేది ఎడమ చేత్తోనే. చిన్నప్పుడు నాది ఎడమ చేతి వాటం. మూడో తరగతిలో టీచరమ్మ రిబ్బనుతో ఆ చెయ్యి కుర్చీకి కట్టేసి, కుడి చేత్తో రాయించింది. అయిదో తరగతితో బడే మానేశాను గానీ ఆ భయం మాత్రం పోలేదు, గరిటె తిప్పేటప్పుడు కూడా ఎవరైనా చూస్తే చెయ్యి మార్చేస్తాను. పెరట్లో ఎవరూ చూడట్లేదు కదా అని ఎడమ చేత్తో విసిరాను. విసిరాక కర్ర ఆ చేతిలోనే ఉంటుంది, కుడి చెయ్యి ఊరికే రీల్ తిప్పుతుంది. నాకేం ఇబ్బంది అనిపించలేదు.

ఏప్రిల్ దాకా రోజులు లెక్కపెడుతున్నాను.

నీ జోనెల్


మార్చి 17

జోనెల్‌కి,

ఉత్తరం ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. పడవ ఊపుకి అక్షరాలు బాగా రావడం లేదు.

నన్ను వంటగదిలోకి మార్చారు, పర్విస్‌కి సాయంగా. పని తేలికే. నేనిక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. హాయ్ట్ గారికి ఇంకెవరినైనా చూసుకోమని చెప్పు. రీళ్ళు, కర్రలు, ఎరల పెట్టె అన్నీ మిస్ ఓపల్ కొట్టులో అమ్మకానికి పెట్టు.

ఎందుకని అడగొద్దు.

డెల్మర్


గంటర్స్‌విల్
మార్చి 22

ప్రియమైన డెల్మర్‌కి,

రీళ్ళు అమ్మలేదు.

నీ ఉత్తరం కిటికీ దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చదవడం అయిపోయాక కూడా. అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. ప్రతి వరసలోనూ సిరా కుడివైపుకి అలికినట్టుంది. పడవ ఊగితే సిరా అలా అలుక్కోదు. ఎడమ చేత్తో రాస్తే ఇప్పుడే రాసిన మాట మీదుగా చెయ్యి ఈడ్చుకుంటూ పోతుంది. రెండో తరగతిలో నా పలకా పుస్తకం అన్నీ ఇలాగే ఉండేవి. ఆ మరకలు చూసే కదా నా చెయ్యి కట్టేశారు.

నీ కుడి చేతికి ఏమైంది?

చెయ్యంతానా, వేళ్ళా? నొప్పి ఉందా? కట్టు ఎవరు కడుతున్నారు? నీ దగ్గరకి రమ్మంటే బస్సెక్కి వస్తాను. నేనెప్పుడూ ఒక్కదాన్నే బస్సెక్కలేదని నీకు తెలుసు. అయినా వస్తాను.

మాట దాచడం నాకు చేతనైన పని, డెల్మర్. నువ్వు నేర్చుకోకు.

నీ జోనెల్


మార్చి 29

నా జోనీ,

దొరికిపోయాను.

మార్చి నాలుగున లాకులోకి వెళ్ళేటప్పుడు ఉక్కు తాడు సడలింది. దాన్ని పట్టి పడవ కట్టే దిమ్మకి చుట్టబోయాను. తాడు ఒక్కసారి బిగిసింది. తప్పు నాదే, అక్కడ చెయ్యి పెట్టకూడదని మొదటిరోజే చెప్పారు. కుడి బొటనవేలు మొదలంటా పోయింది. మిగతా నాలుగూ ఉన్నాయి. పుండు మానుతోంది. పర్విస్ నాకు మాంసం కోసిపెడుతుంటే చిన్నపిల్లాడిలా ఉంది.

నీకు రాసిందంతా నాకు గుర్తుంది. మిగతాదంతా బొటనవేలే అని నేనే రాశాను. బొటనవేలు లేనివాడు ఏం విసురుతాడు? చక్రాన్ని దేంతో ఆపుతాడు? హాయ్ట్ గారి ముందు నిలబడి ఈ చెయ్యి చూపించి, ఆయన జాలిపడుతుంటే చూడలేను. నువ్వు పక్కింటి వాళ్ళ చూపులకి ఎలా ముడుచుకుపోతావో నాకిప్పుడు అర్థమైంది.

ఏడాదిపాటు వంటగదిలో ఉంటానని సంతకం పెడితే కంపెనీ వాళ్ళు ఉంచుకుంటారట. ఏప్రిల్ ఇరవైన కాగితం వస్తుంది. పెట్టేస్తాను. ఇంకేం చెయ్యను?

నీ డెల్మర్


గంటర్స్‌విల్
ఏప్రిల్ 10

నా డెల్మర్,

ఈ ఉత్తరం నీకు ఇరవై లోపల చేరాలి. అందుకని ముందు ముఖ్యమైన మాట: ఆ కాగితం మీద ఏ చేత్తోనూ సంతకం పెట్టకు.

నిన్ను తలుచుకుని ఒకరోజు ఏడ్చాను. మర్నాడు పెరట్లోకెళ్ళి కర్ర పట్టుకున్నాను. ఎడమ చేత్తో విసిరాను. తొట్టి టంగుమంది. అప్పుడు చూసుకున్నాను. చక్రం మీద ఆనింది నా ఎడమ బొటనవేలు. కుడి బొటనవేలికి ఏం పనీ లేదు. అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను.

నీకింకో సంగతి కూడా తట్టి ఉండదు. మీరంతా కుడి చేత్తో విసిరి, కర్ర ఎడమ చేతికి మార్చుకుంటారు. అంటే చేప అందుకున్నప్పుడు కర్ర పట్టుకుని దాన్ని ఎదిరించేది ఎడమ చెయ్యే కదా? నువ్వు ఇప్పటిదాకా పట్టిన ప్రతి చేపనీ నీ ఎడమ చెయ్యే పట్టింది. కుడి చెయ్యి విసరడం తప్ప చేసిందేం లేదు.

రీల్ పిడి గుండీ చిన్నది, పట్టుకోవాలంటే బొటనవేలు కావాలి. దాన్ని ఊడదీసి, కుట్టు దారం చుట్టి వచ్చే చెక్క కండె పెద్దది ఒకటి ఎక్కించి పైన తోలు చుట్టాను. ఇప్పుడు అరచెయ్యీ నాలుగు వేళ్ళూ చాలు. నా బొటనవేలు మడిచి గుడ్డతో కట్టేసుకుని తిప్పి చూశాను. తిరిగింది.

అప్పుడు మిస్ ఓపల్ కొట్టుకి వెళ్ళాను. ఈసారి ట్రక్కులో కూర్చోలేదు, కూర్చుంటే ఇక దిగలేనని తెలుసు. హాయ్ట్ గారు పొయ్యి దగ్గరే ఉన్నారు. నీ చెయ్యి సంగతి చెప్పాను. నువ్వు నన్ను తిట్టినా సరే, చెప్పాలి కాబట్టి చెప్పాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "పాపం" అని ఆయన అనేలోపే, "మా పెరట్లోకి ఒకసారి రావాలండీ" అన్నాను.

ఆయనే కాదు, కొట్టుకు కొట్టే కదిలి వచ్చింది. మిస్ ఓపల్ తలుపుకి తాళం కూడా వేసింది. టిడ్‌మోర్ మామ్మ కోళ్ళన్నిటినీ లోపలికి తోలింది.

మొదటి గుండు బట్టల తీగకి చుట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. మిస్ ఓపల్, "ఆ నోరు మూస్తావా, ఎర పెట్టమంటావా?" అంది. రెండోది టంగుమంది. మూడోదీ అంతే. ఎనిమిది విసిరితే ఏడు పడ్డాయి. ఒక్కసారి కూడా కర్ర చెయ్యి మారలేదు.

హాయ్ట్ గారు తొట్టి దాకా నడిచి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కొచ్చారు. తర్వాత, "యాభై ఏళ్ళుగా విసిరిన ప్రతిసారీ చెయ్యి మారుస్తున్నాను. ఆ మార్చే లోపల ఎన్ని చేపలు ఎర కక్కేసి పోయాయో" అన్నారు. కర్ర తీసుకుని తనే ఎడమ చేత్తో విసిరారు. అంత పెద్ద పిట్టగూడు నేనింతవరకూ చూడలేదు. అది విప్పుకుంటూ మెట్ల మీద కూర్చుని అన్నారు, "నా పడవెక్కే వాళ్ళంతా చిక్కులు వేసుకునేవాళ్ళే, పిల్లా. ఈ విద్య పుట్టుకతో వచ్చినవాడికి వాళ్ళ మీద ఓపిక ఉండదు. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నవాడికి ఉంటుంది. మే నెల రెండో శనివారం దాకా ఆగుతాను. ఊరికే ఇచ్చేస్తాననుకోకు. రోజంతా పక్కన కూర్చునే చూస్తాను."

నీకు జాలి అక్కర్లేదన్నావు కదా. ఆయన జాలిపడలేదు.

అంటే మనకి నెల రోజులు ఉన్నాయి. తొట్టిని మళ్ళీ ఇరవై అడుగులకి తెచ్చి పెట్టాను. దారం చుట్టలు రెండు ఎక్కువ కొన్నాను, మొదటివారం అన్నీ పిట్టగూళ్ళే అవుతాయి. నువ్వు చిక్కు తీస్తుంటే నేను మెట్ల మీద కూర్చుని నవ్వుతాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతాను.

ఇప్పుడు ఈ ఉత్తరాన్ని వెలుతురుకి పెట్టి చూడు. అక్షరాలు వెనక్కి వాలాయా? వరస వరసకీ సిరా అలుక్కుందా? మూడో తరగతి తర్వాత మళ్ళీ ఇవాళే ఈ చేత్తో రాయడం. పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చింపేశాను. ఇది బాగానే వచ్చినట్టుంది.

ఇంటికి రా.

ఎడమ చేత్తో,
నీ జోనెల్