ముట్టుకోకు అన్నందుకు

మార్చి 4, మంగళవారం
టీవీ తెర మధ్య ఒక్క తెల్ల గీత. బొమ్మంతా అందులో ఇరుక్కుపోయింది. పాతికేళ్ల డబ్బా టీవీ. పాత సామాను వాడికి ఇచ్చెయ్యమంది మా ఆవిడ. నేనే బాగుచేస్తానన్నాను. నవ్వింది. ఆ నవ్వు మింగుడు పడలేదు.

మార్చి 5, ఉదయం పది
ప్లగ్ పీకి వెనక మూత విప్పాను. ప్లగ్ పీకినా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలవుంటుంది. ఎర్త్ వైరు కట్టిన స్క్రూడ్రైవర్‌తో ముందు దాన్ని దింపెయ్యాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుంది కాబట్టి ఒక చెయ్యే వాడాలి, రెండోది జేబులో ఉండాలి. లుంగీకి జేబేది? వీపు వెనక పెట్టుకున్నాను. ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవర్ దూరుస్తుంటే, మా ఆవిడ టీ తెచ్చి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. నిన్న నవ్వినందుకు బుజ్జగింపు కాబోలు. ముట్టుకోకు అని అరిచాను.

గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

మార్చి 6
మాటల్లేవు. కంచం పెట్టిన చప్పుడే మాట. ఎందుకరిచానో చెబుదామని వంటింటి గడప దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చాను.

మార్చి 7, సాయంత్రం
మరదలు ఫోన్ చేసింది. వాళ్లక్క అంతా చెప్పేసినట్టుంది.

"ఏం బావగారూ, ఇన్నాళ్లకి మా అక్క మీకు షాక్ కొడుతోందా?"

ఊఁ అన్నాను. ఊఁ అట! నా నెత్తిన నేనే మొట్టుకున్నాను.

మార్చి 8
ఊడిన టంకాలు మళ్లీ పెట్టి ఆన్ చేశాను. గీత జానెడు వెడల్పయింది. అంతే. కెపాసిటర్ కూడా మార్చాలి. ఖర్మ. ప్లగ్ పీకాను. ట్యూబులో కరెంటు మళ్లీ నిండి ఉంటుంది. ఇదే అదను అనుకున్నాను. నోరు పెగలకపోతే ఏం, చూపించవచ్చు. ఆవిడని పిలిచి గుమ్మంలోనే నిలబెట్టి స్క్రూడ్రైవర్ ఆనించాను. టప్‌మని నీలి మెరుపు.

"నాకు కొడితే, నన్ను పట్టుకున్న నీకూ కొట్టేది" అన్నాను. నాలుగు రోజుల్లో నేనాడిన పొడవైన మాట.

నా చేతి వంక చూసింది.

"మరి మీకు కొడితేనో?"

అది నేను ఆలోచించలేదు. వీపు వెనక చెయ్యి చూపించాను. ఇంకా మండిపడింది.

మార్చి 9, మధ్యాహ్నం
మెయిన్ స్విచ్ కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్లగ్ పీకారా, ట్యూబులో కరెంటు దింపారా, ఆ చెయ్యి ఎక్కడుంది. ఒక్క కెపాసిటర్ మార్చేలోపు ప్రాణం తోడేసింది.

సాయంత్రం
తెర నిండా బొమ్మ. ఎవరమూ చూడలేదు. ఆవిడ తిడుతోంది. నేను వింటున్నాను.