కదలని చుక్క

నెల్లిమర్ల,
6 నవంబరు 2018.

అమ్మకు నీ బేబీ వందనాలు.

పద్మకుమారి పిన్ని సెలవు అయిపోయి పదో తారీఖున మళ్ళీ మస్కట్ వస్తోంది. ఇరవై అయిదున నువ్వు ఇంకో రెండేళ్ళ పని కాగితం మీద సంతకం పెడతానని మీ మేడమ్‌కు మాటిచ్చావు. ఆ సంతకం పెట్టేలోపు నీకు ఒక సంగతి తెలియాలి. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

ఎప్పుడూ ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడతాను. ఈసారి నేను క్షేమమనీ, తాత ప్రాణానికి భయం లేదనీ మాత్రం రాస్తున్నాను. మిగతాది కింద వస్తుంది. నువ్వు బైబిల్ చదివినట్టు వేలు పెట్టి వరసగా చదువు, చివరికి దూకకు. నీకోసమే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. శుక్రవారం నువ్వు వంటింట్లో స్పీకరు పెట్టి "తిన్నావేటే?" అనగానే నా గొంతు వద్దన్నా అబద్ధం ఆడేస్తుంది. కాగితం మీద చెయ్యి ఆగుతుంది.

పిన్ని చేత నువ్వు పంపిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. వంటింటి కప్పు కారడం లేదు, అప్పారావు మావ నాలుగు పెంకులు మార్చాడు. పిల్లి నీ ట్రంకుపెట్టె వెనకాల మూడు పిల్లల్ని పెట్టింది. డీఎస్సీ పరీక్ష వచ్చే నెలలో. ఫోను మ్యాపులో నా చుక్క పొద్దున్న విజయనగరంలో కనబడి తర్వాత మాయమవుతోందేమని అడిగావు. కోచింగులో ఫోను ఆపేయమంటారు, అంతే.

ఆఖరున తాత గురించి ఇలా రాశావు: "నాన్న ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నాడు. ఆయన చుక్క ఈమధ్య ఇల్లు దాటడం లేదు. ఆ ధైర్యంతోనే సంతకం పెడతాను." ఆ మాటల దగ్గర నేను ఆగిపోయాను. నెల రోజులుగా అక్కడే ఉన్నాను.

మీ మేడమ్ తన పాత ఐఫోను నీకిచ్చిన రోజులు గుర్తున్నాయా? తాత ఎక్కడున్నాడో నీకు కనిపించేలా చెయ్యమని జగన్నాధం సెల్ షాపుకి వెళ్ళాను. "మీ యమ్మది ఐఫోను, మీయి ఆండ్రాయిడు. దాన్లోది దీనికి రాదు, దీన్లోది దానికి పోదు. ఏటి సెయ్యమంటావు?" అని పంపేశాడు. రెండ్రోజుల తర్వాత తనే కేకేశాడు. "మ్యాపులో ఎడితే ఏ ఫోనైనా ఒకటేనే, ఇలాగ్రా!" ఆ సాయంత్రం నువ్వు అక్కణ్ణించి "ఒలే, నాన్న పెరట్లోకెల్నాడే!" అని చిన్నపిల్లలా అరిచావు. తాత నవ్వాడు. "ఇక్కడున్నన్నాళ్ళూ నానెక్కడున్నానో దానికి అక్కర్లేదు. దేశం దాటినాక కావలసొచ్చినాను!"

అప్పటికే తాతకి మతిమరుపు మొదలైంది. జూట్ మిల్లు పనిలోంచి దిగిపోయి పదిహేనేళ్ళయినా షిఫ్టుకి టైమయిందని చొక్కా వేసుకునేవాడు. "నువ్వు సదువుకోవే, సుక్కని నేను సూసుకుంటాను" అన్నావు నువ్వు. నేను చర్చికి తాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం, తీసుకురావడం మానేసింది అప్పటినుంచే.

సెప్టెంబరు మొదటి ఆదివారం, చర్చిలో బల్లారాధన. ప్రార్థన మధ్యలో ఫోన్లు మోగుతున్నాయని పాస్టరు అయ్యగారు గుమ్మం దగ్గర తాటాకు బుట్ట పెట్టించారు. చెప్పులు బయట, ఫోన్లు బుట్టలో. తాతదీ అప్పారావు మావదీ జగన్నాధం అమ్మిన ఒకే రకం ఫోన్లు, ఒకే నల్ల కవరు. ఆరాధన అయ్యాక తాత మావ ఫోను జేబులో వేసుకుని బయటికి నడిచాడు. తాత ఫోను మావతో మావ ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నమంతా తాత చుక్క మావ ఇంటిమీదే ఉంది. నేను చూశాను. నువ్వూ చూశావు. ఆరాధన తర్వాత అక్కడ భోజనానికి ఆగడం ఆయనకి అలవాటే కదా.

పొద్దు వాలేవేళకి మావ వచ్చాడు. "ఒసే బేబీ, మీ తాత నా ఫోనట్టుకెలిపోనాడే. ఇదిగో, ఇది మీది."

"తాత మీ ఇంట్లో లేడా మావా?"

"మా యింట్లో ఏల ఉంటాడే? చర్చి అవగానే ఇంటికెల్తానని ఎలిపోనాడు గదా!"

మావ నంబరుకి చేశాం. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎవరో ఎత్తారు, మిల్లు వాచ్‌మన్ గంగరాజట. "పాత గేటు పక్క కాలవలో ఎవురో ముసిలాయన పడున్నాడమ్మా. జేబులో ఎలుగొస్తంటే తీసినాను. బి షిఫ్టుకి ఒచ్చినానంటాడు. బేగి రండి."

మేం వెళ్ళేసరికి తాత ఒళ్ళంతా బురద. నన్ను చూసి "మిల్లు కూతేసీసినారేటే? ఆలీసమైపోనానా?" అన్నాడు. నొప్పి సంగతి చెప్పలేదు. లేపబోతే అప్పుడు అరిచాడు.

తుంటి ఎముక విరిగిందమ్మా. విజయనగరం ఆసుపత్రిలో ఆపరేషను చేసి ప్లేటు వేశారు. పదకొండు రోజులున్నాం. ఇంటికి తెచ్చాం గానీ తాత మంచం దిగలేదు. ఇక నడవడం కష్టమని డాక్టరు చెప్పారు. చుక్క కదలనిది అందుకు. తాత బుద్ధిగా ఉండటం లేదమ్మా, లేవలేకపోతున్నాడు.

ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ చుక్క ఇంట్లోనే ఎలా ఉందని నీకు అనుమానం వస్తుంది. తాత ఫోను నేనే బైబిల్ గూట్లో ఛార్జింగు పెట్టి వదిలేశాను. నువ్వు చేసినప్పుడల్లా "నిద్రపోతున్నాడు" అన్నాను. తర్వాత వీడియోలో చూపించినప్పుడు మెడ కిందికి రాకుండా ఫోను పట్టుకున్నాను. పిన్ని వచ్చి చూసి ఏడ్చింది. నీకు చెప్పొద్దని నేనే కాళ్ళు పట్టుకున్నాను. "నీ అబద్ధం నాను మొయ్యలేనే. ఉత్తరం రాసియ్యి, అదైతే మోస్తాను" అంది.

అసలుది ఇంకా రాయలేదు. ఆ ఆదివారం రెండు గంటలకి నువ్వు ఫోను చేశావు. "సుక్క అప్పారావింటికాడ ఉన్నాది. ఓపాలి ఆడికి ఫోన్ చేసి నాన్న తిన్నాడో లేదో కనుక్కోవే" అన్నావు. అయిదు నిమిషాలాగి మళ్ళీ చేశావు. "అడిగానమ్మా, తిన్నాడట" అన్నాను.

నేను అడగలేదు. నా ముందు మోడల్ పేపరు ఉంది, గడియారం పెట్టుకుని రాస్తున్నాను. చుక్క అక్కడే ఉంది కదా అనుకున్నాను. అప్పుడే ఫోను చేసి ఉంటే మావ ఫోను తాత జేబులోనే ఉందని తెలిసిపోయేది. అప్పటికి ఎంతో దూరం వెళ్ళి ఉండేవాడు కాడు. మన ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్నని అందరికీ చెప్పుకుంటావు. ఆ చదువు కోసమే తాతని వదిలేశాను. నీకు ఇది పిన్ని ద్వారా కాక నా ద్వారానే తెలియాలి.

తాత ఇప్పుడు నన్ను "శాంతీ" అని నీ పేరుతో పిలుస్తున్నాడు. "ఎప్పుడొచ్చినావే, ఎన్నాల్లుంటావు?" అని అడుగుతున్నాడు. "ఇక్కడే ఉంటాను నాన్నా" అంటున్నాను. అదీ అబద్ధమే. దాన్ని నిజం చెయ్యగలిగేది నువ్వొక్కదానివే. నువ్వు ఉండిపోయినా నేను తప్పు పట్టను, పరీక్ష రాసినా రాయకపోయినా తాతని చూసుకుంటాను. కానీ ఆ చుక్కని చూసి సంతకం పెట్టొద్దు.

తాత ఫోను ఇవాళ గూట్లోంచి తీసి ఆయన దిండు కింద పెట్టాను.

ఇరవయ్యో తారీఖులోపు నీ చేత్తో రాసి ఫోటో తీసి పంపు. తిట్టాలనుంటే తిట్టు. వస్తావో, ఉంటావో మాత్రం అందులో రాయి. తాతకి నేను చదివి వినిపించాలి.

ఇట్లు,
నీ కూతురు
బేబీ