హీరో గోడకేసి చూసి ఏడ్చిన సినిమా

అక్కా, నేను కులాసానే, ఒళ్లు మాత్రం మండిపోతోంది. మా హీరోయిన్ పోటీ స్టూడియోలో చేరిందని, "ఆవిడ మొహం ఒక్కచోట కూడా కనబడకూడదు, కత్తిరించెయ్" అన్నాడు మా ఓనరు. పూర్తయిపోయిన సినిమా అక్కా! పళ్లు నూరుతూ కత్తిరించాను. తీరా వేసి చూపిస్తే, "హీరో గోడకేసి చూసి ఏడుస్తాడేంట్రా?" అని నన్నే చెడామడా తిట్టాడు.

అమ్మకి దగ్గు తగ్గిందా? ఫిలిం భగ్గుమంటుందని మా ఎడిటింగ్ గదిలో చలికి కుంపటి పెట్టనివ్వరు, నా ఉన్ని శాలువా పంపు.

సినిమా అక్కడికొస్తే చివరిదాకా కూర్చోండి. హీరో కన్నీళ్లు తుడిచే చెయ్యి ఒకటి కనబడుతుంది. అది ఆవిడదే. మొహం తీసెయ్యమన్నాడు గానీ చెయ్యి తీసెయ్యమనలేదుగా! బావగారికి నా నమస్కారాలు, ఆ చేతికి మీ అందరి చప్పట్లు.

నీ తమ్ముడు