నడవలో గేరుబాక్సు

తిరుపతి,
10-2-79

పూజ్యులైన మామగారికి అల్లుడు శఠగోపం దాసోహములు.

ఇక్కడ అందరం క్షేమం. వేదవల్లి తొమ్మిదో నెలలోనూ ఓపికగానే తిరుగుతోంది. వచ్చే ఫాల్గుణ శుద్ధ పంచమి నాడు తనను పురిటికి చిత్తూరు తీసుకురమ్మని తమరు కారు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, బస్సులో వెళ్లిపోయారు. ఆనాటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. డ్రైవింగు నాకు కొత్త. దాంట్లో ఇద్దరు మనుషుల్ని తీసుకురావాలి, అందులో ఒకరు ఇంకా పుట్టలేదు.

నిన్న ధైర్యం చేసి ఒక్కడినే అలిపిరి దాకా వెళ్లాను. వెళ్లేటప్పుడు బండి బాగానే ఉంది. తిరిగి వస్తుంటే పల్లంలో ఒక గేదె అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా వేశాను. అంతే, అక్కడి నుంచి క్లచ్చి ఎంత అదిమినా ఏ గేరూ పడదు, లోపల కరకరమని రాళ్లు నమిలినట్టు శబ్దం. ఇంటికి ఎలా చేరానో ఏడుకొండలవాడికే తెలియాలి. ఏం చేయమంటారు?

ఇట్లు విధేయుడు,
శఠగోపం

తా.క.: కారుకు దిష్టి తగిలిందని మా అమ్మ అంటోంది. నిమ్మకాయలు కట్టనా?

చిత్తూరు,
13-2-79

చిరంజీవి శఠగోపానికి ఆశీస్సులు.

నా దగ్గర సైన్సు చదివినవాడివి ఇలా భయపడితే నాకు తలవంపులు. గేరుబాక్సు అంటే పళ్లచక్రాలున్న ఇనప పెట్టె, పులి కాదు. మెకానిక్కు చెయ్యి పెడితే బాగున్నది కూడా చెడుతుంది. నువ్వే చూడు. బండిని జాకీతో లేపి, కింద ఇటుకలు పేర్చు. పెట్టె అడుగున ఉన్న బిరడా విప్పి ఆయిలు పళ్లెంలో పట్టు. అందులో ఇత్తడి పొడి మెరిస్తే రోగం దొరికినట్టే. మెరవకపోతే రోగం ఇంకా లోపల దాక్కుందని అర్థం. అప్పుడు పెట్టె దించి విప్పాలి. విప్పినవాటిని విప్పిన వరుసలోనే పరుచుకో.

ఏది ఏమైనా అమ్మాయిని బస్సు మాత్రం ఎక్కించకు. బస్సంటే నాకు భయం కాదు. నమ్మకం లేదు, అంతే.

ఆశీస్సులతో,
వేంకటాచలపతి

తా.క.: నిమ్మకాయలో ఉన్నది సిట్రిక్ ఆమ్లం. దానివల్ల ఇనుము తుప్పు పడుతుందే తప్ప దిష్టి పోదు. ఈ మూఢనమ్మకాలు నా కారు దగ్గరికి రానీయకు. నేనన్నానని మీ అమ్మగారికి చెప్పకు.

తిరుపతి,
18-2-79

పూజ్యులైన మామగారికి దాసోహములు.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఉన్నదున్నట్టు రాయడానికి చెయ్యి రావడం లేదు. పంచమి ప్రయాణం మానుకుని ఆపైన మరో మంచిరోజు చూస్తే మేలని నా మనవి. తమరు కంగారు పడవద్దు. అత్తయ్యగారికి అప్పుడే ఏమీ చెప్పవద్దు.

ఇట్లు,
శఠగోపం

తా.క.: కాగితం మీద మరకలు పడ్డాయి, క్షమించాలి. ఎంత ఆపుదామన్నా ఆగలేదు.

చిత్తూరు,
20-2-79

శఠగోపానికి,

ఆశీస్సులు తరువాత. ముందు మా వేదకు ఏమైందో రాయి. డాక్టరమ్మ ఏమన్నది? కాళ్లు వాచాయా? నీ కాగితం మీది కన్నీటి మరకలు చూసి మీ అత్తయ్య కూలబడింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. కారు పోతే పోనీ, నా బిడ్డ సంగతి చెప్పు.

వేంకటాచలపతి

తా.క.: ఆ మరకలు ఇప్పుడే వాసన చూశాను. గేరు ఆయిలు వాసన వస్తోంది. మీ అత్తయ్య నమ్మడం లేదు. అసలేం జరుగుతోంది అక్కడ?

తిరుపతి,
22-2-79

మామగారికి సాష్టాంగ దాసోహములు.

వేదవల్లికి ఏమీ కాలేదు. ఈ పూట కూడా రెండుసార్లు పులిహోర పెట్టించుకుని తింది. అయింది గేరుబాక్సుకే.

ఆయిలులో ఏ పొడీ మెరవలేదు. రోగం లోపల దాక్కుందని తమరు రాశారు కనుక పెట్టె దించాను. పక్కింట్లో ఇత్తడి పాత్రలకు మాట్లు వేసే పీరా సాహెబ్ ఓ చెయ్యి వేశాడు. బండి కింద పడుకున్నంతసేపూ పిల్లవాడి ముఖం చూడకుండానే పోతానేమోనని గోవిందనామాలు చదువుకున్నాను. నడవలో చాప పరిచి అన్నీ వరుసగా పెట్టాను. చక్రాల పళ్లన్నీ నా పళ్ల కంటే బాగున్నాయి. రోగం ఎక్కడుందో తెలియదు, తిరిగి బిగించడం ఎలాగో అంతకంటే తెలియదు.

నేను స్నానానికి వెళ్లి వచ్చేలోపు మా అమ్మ ఆ చక్రాలన్నీ చింతపండుతో తోమి బోర్లించింది. తళతళ మెరుస్తున్నాయి. వరుస మాత్రం పోయింది. "ఏమి నాయనా, ఇంత నల్లంగా పెట్టుకుంటారా ఎవురైనా?" అని నన్నే కోప్పడింది.

ఇట్లు మహాపరాధి,
శఠగోపం

తా.క.: పళ్లున్న ఇత్తడి రింగు ఒకటి కనబడక ఇల్లంతా వెతికాను. పూజగదిలో పెరుమాళ్ల తీర్థం చెంబు కింద కుదురై కూర్చుని ఉంది. నైవేద్యం కూడా అయిపోయింది. ఇక బయటికి రాదట.

తిరుపతి,
28-2-79

పూజ్యులైన నాయనగారికి వేదవల్లి నమస్కారాలు.

"ఏదీ ముట్టుకోవద్దు, నేనే వస్తున్నా" అని మీరు రాసిన కార్డు చూసి మీ అల్లుడికి జ్వరం వచ్చింది. మీరు రానవసరం లేదు. బండి బాగైంది.

పీరా సాహెబ్ పెరుమాళ్లకు కొత్త కుదురు చేసిచ్చాక మా అత్తగారు రింగు వదిలారు. మీరు కారులో ఉంచిన పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ, విప్పడం కళ్లారా చూసిన నేను పీటమీద కూర్చుని చెబుతుంటే, మీ అల్లుడూ సాహెబూ పెట్టె బిగించి ఎక్కించారు. నడిపి చూస్తే మళ్లీ అదే కరకర. ఆయన మెట్టుమీద కూలబడి, "నీకేమన్నా అయితే నేనేం చేసేది వేదా?" అని ఏడ్చినారు. అప్పుడు నాకూ భయమేసింది.

మర్నాడు అత్తగారు ఆయిలు అంటిందని కారులోని కొబ్బరిపీచు చాప ఉతకడానికి లాగారు. క్లచ్చి పెడల్ వెనక చాప మడతలో ఒక మూట ఇరుక్కుని ఉంది. విప్పితే పసుపు కొమ్ములు, ఎండిన నిమ్మకాయ, తులసి. సీటు కింద ఉన్నది ఆ గేదె పుణ్యమా అని ముందుకు దొర్లినట్టుంది. అది అడ్డం ఉంటే క్లచ్చి పూర్తిగా కిందికి దిగదు, గేర్లు పడవు. మూట తీసేశాక బండి వెన్నలా నడిచింది. చంద్రగిరి దాకా వెళ్లి వచ్చారు. గేరుబాక్సుకు మొదటినుంచీ ఏ రోగమూ లేదు.

నాయనా, ఆ మూట గుడ్డ పైపంచె చెరుగు. జరీ అంచు మీద ఎర్రసిరా మరక ఉంది. ఆ మరక చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

మీ తోడబుట్టిన కుముదవల్లి అత్త పుత్తూరు నుంచి పురిటికి వస్తూ వడమాలపేట దగ్గర బస్సులోనే పోయిందని అమ్మ నాకెప్పుడో చెప్పింది. మీరు ఒక్కనాడూ ఆ పేరు ఎత్తలేదు. నాకూ భయంగానే ఉంది నాయనా. కానీ ఆ మూట చూశాక కాస్త తగ్గింది.

పంచమి పొద్దున బయలుదేరుతున్నాం. మీరు గుమ్మంలోనే ఉండండి.

మీ వేద

తా.క.: మరక అత్తగారు కూడా చూశారు. మీ అల్లుడు అడిగితే "నేనే పెట్టినా, మరిచిపోయినా" అని తనమీద వేసుకుని ఆయనచేత చీవాట్లు తిన్నారు. ఇప్పుడా మూట కారులోని అద్దానికి వేలాడుతోంది. "ఈడైతే ఎవురి కాలికీ అడ్డం ఉండదు" అన్నారు. ఆమెకు మీరు ఒక ఉత్తరం రాయాలి. అందులో సిట్రిక్ ఆమ్లం మాట ఎత్తవద్దు.